మొరాయించే బుల్లెట్: కార్బురేటర్ ట్యూనింగ్ చరిత్ర

పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపు ఇంజన్‌లో మండదు. ఆవిరై, తగిన పాళ్లలో గాలితో కలిసినప్పుడే నిప్పురవ్వకు అంటుకుంటుంది. బరువు లెక్కన 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కలిస్తే రెండూ మిగలకుండా మండుతాయి. గాలి మరీ ఎక్కువైతే మిశ్రమం పలచబడి మంట అంటుకోదు. పెట్రోలు మరీ ఎక్కువైతే ప్లగ్ తడిసి రవ్వే పుట్టదు. ఈ పాళ్లు కుదిర్చే బాధ్యతను మోటారుసైకిళ్లలో నూరేళ్లకు పైగా మోసిన భాగం కార్బురేటర్. బండి అరుగుదలకూ, ఊరి వాతావరణానికీ, బంకులో దొరికే పెట్రోలుకూ సరిపడేలా దాన్ని సరిచేసే పనే ట్యూనింగ్.

భారతదేశంలో ఈ పని ఎలా పుట్టి ఎలా మారిందో తెలుసుకోవడానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను మించిన ఉదాహరణ దొరకదు. ఇంగ్లండ్ డిజైన్ ఇంజన్ మూలస్వరూపం మారకుండానే అర్ధశతాబ్దం పాటు మద్రాసులో తయారైంది. ఆ ఇంజన్ మీద కార్బురేటర్లు మారాయి, పెట్రోలు మారింది, చట్టాలు మారాయి. కార్బురేటర్‌లో వచ్చిన ప్రతి మెరుగుదలా అంతకుముందు నడిపేవాడు చేయవలసిన ఒక నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించింది. బండి పాతబడి మొరాయించడం మొదలుపెట్టినప్పుడు మాత్రం ఆ నిర్ణయాలన్నీ తిరిగి మనిషి చేతికే వచ్చాయి. వాటిని అందుకున్న చెయ్యి మెకానిక్‌ది.

లివర్ల కాలం

తొలి ఇంజన్లలో పెట్రోలును చిమ్మే ఏర్పాటు లేదు. తొట్టిలోని పెట్రోలు ఉపరితలం మీదుగా గాలిని పోనిచ్చి, దానంతట అది ఆవిరైనంత మేరకు ఇంజన్‌లోకి లాగేవారు. పెద్ద ఎత్తున తయారైన మొదటి మోటారుసైకిల్‌గా పేరుపొందిన 1894 నాటి జర్మన్ బండి హిల్డెబ్రాండ్ - వోల్ఫ్‌ముల్లర్‌లోనూ ఇదే పద్ధతి. ఎండ పెరిగినా, రోడ్డు కుదిపినా, తొట్టిలో మట్టం తగ్గినా మిశ్రమం మారిపోయేది. తేలికగా ఆవిరయ్యే భాగం ముందే పోయి, అడుగున బరువైన భాగం మిగిలిపోయేది. బండి స్టార్ట్ కాకపోవడం అప్పట్లో రోజువారీ సంగతి.

1893లో రెండుచోట్ల పరిష్కారం దొరికింది. హంగరీలో డోనాట్ బాంకీ, యానోష్ చోంకా, జర్మనీలో విల్హెల్మ్ మేబాక్ సన్నని రంధ్రం గుండా పెట్రోలును గాలిలోకి చిమ్మే కార్బురేటర్లను రూపొందించారు. దాని సూత్రం పాతదే. గొట్టం ఇరుకైన చోట ప్రవాహం వేగం పుంజుకుంటుందనీ, అక్కడ పీడనం తగ్గుతుందనీ ఇటలీ శాస్త్రవేత్త జొవాన్ని బత్తిస్తా వెంచూరి 1797లోనే వివరించాడు. పీడనం తగ్గిన చోట జెట్ మూతి ఉంచితే పెట్రోలు దానంతట అదే పైకి లేచి తుంపరలవుతుంది. దోమల మందు కొట్టే పాతకాలపు ఫ్లిట్ పంపు పనిచేసేది కూడా ఇలాగే. పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేచోట నిలిచేలా చూడడానికి తేలే డొల్ల ముక్క, అంటే ఫ్లోట్, అది ఉండే బుడ్డితో సహా దానికి తోడైంది.

అయినా పాళ్లు కుదిర్చే పని చాలాకాలం మనిషిదే. 20వ శతాబ్దం మొదటి పాతికేళ్లలో ఇంగ్లండ్ మోటారుసైకిళ్ల హ్యాండిల్ మీద సాధారణంగా మూడు చిన్న లివర్లుండేవి. ఒకటి పెట్రోలు మిశ్రమం ఎంత పోవాలో చెప్పేది. రెండోది అందులో గాలి పాలు నిర్ణయించేది. మూడోది స్పార్క్ ముందు రావాలో వెనక రావాలో చూసుకునేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక తీరు, దిగేటప్పుడు ఇంకో తీరు, ఇంజన్ వేడెక్కాక మరో తీరు. నడిపేవాడు దారి పొడవునా ట్యూనింగ్ చేస్తూనే ఉండేవాడు.

ఆనాడు బ్రిటన్‌లో కార్బురేటర్లు చేసే కంపెనీలలో అమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ ముఖ్యమైనవి. 1927లో ఈ మూడూ కలిసి బర్మింగ్‌హామ్‌లో అమాల్ కంపెనీగా ఏర్పడ్డాయి. తరువాతి నాలుగు దశాబ్దాలు బ్రిటిష్ మోటారుసైకిళ్లలో అత్యధికభాగం అమాల్ కార్బురేటర్లతోనే నడిచాయి. గాలి లివర్‌ను తరచూ కదపవలసిన అవసరాన్ని తగ్గించింది కూడా అమాల్ తరహా డిజైనే. గాలి పాలు సరిచూసే పని లోపలి భాగాలే చేయసాగాయి. గాలి లివర్ చలిలో స్టార్ట్ చేసేటప్పుడు మాత్రమే పనికొచ్చే చోక్‌గా మిగిలింది.

స్లైడ్, సూది, జెట్లు

అమాల్ కార్బురేటర్ పనితీరు తెలిస్తే ట్యూనింగ్‌లోని తర్కమంతా అర్థమవుతుంది. బుల్లెట్‌కు తరువాత వచ్చిన మిక్‌కార్బ్ అనే కార్బురేటర్ లోపల కూడా ఇవే నాలుగు ఏర్పాట్లు: పైలట్ జెట్, స్లైడ్, సూది, మెయిన్ జెట్. యాక్సిలరేటర్ తిప్పితే ఒక గుండ్రని స్లైడ్ పైకి లేచి గాలిదారి తెరుచుకుంటుంది. స్లైడ్ మధ్యలో వేలాడే సూది కింద ఉన్న నీడిల్ జెట్‌లోంచి పైకి వస్తుంది. సూది కొనదేరి ఉంటుంది కాబట్టి అది లేచేకొద్దీ చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది.

యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పటినుంచి సుమారు ఎనిమిదో వంతు తెరిచేదాకా పైలట్ జెట్‌దే పని. స్టార్టింగ్, ఐడ్లింగ్ రెండూ దాని మీదే ఆధారపడతాయి. ఎనిమిదో వంతు నుంచి పావు దాకా స్లైడ్ అంచున ఏటవాలుగా కోసిన భాగం గాలి పాలు నిర్ణయిస్తుంది. పావు నుంచి ముప్పావు దాకా సూది అధికారం. సూది తలకాయ దగ్గరి గాట్లలో క్లిప్ ఏ గాటులో ఉందో చూసుకుని, సూదిని పైకెత్తితే మిశ్రమం చిక్కబడుతుంది, దించితే పలచబడుతుంది. ముప్పావు దాటాక మెయిన్ జెట్ రంధ్రం ఎంతుంటే అంత పెట్రోలు.

ఈ విభజన తెలిసిన మెకానిక్‌కు లక్షణం వినగానే చోటు తెలుస్తుంది. స్టార్ట్ కాని బండికి మెయిన్ జెట్ మార్చడం వృథా. హైవే మీద ఊపిరి బిగబట్టినట్టు ఆగే బండికి ఐడ్లింగ్ స్క్రూ తిప్పి లాభం లేదు. యాక్సిలరేటర్ ఎంత తెరిచినప్పుడు తేడా వస్తోందన్నదే ట్యూనింగ్‌లో మొదటి ప్రశ్న.

1950ల మధ్యలో అమాల్ మోనోబ్లాక్ వచ్చింది. అంతకుముందు పక్కన విడిగా వేలాడిన ఫ్లోట్ బుడ్డిని అసలు శరీరంతో కలిపి ఒకే పోతగా పోయడం దీని ప్రత్యేకత. ఫ్లోట్ బుడ్డి తల మీద టిక్లర్ అనే చిన్న బటన్ ఉండేది. దాన్ని నొక్కితే ఫ్లోట్ కిందికి వంగి, పెట్రోలు మట్టం పెరిగి, చల్లటి ఇంజన్‌కు కావలసిన చిక్కటి మిశ్రమం తయారయ్యేది. వేలికి పెట్రోలు తడి తగిలేదాకా నొక్కడం అప్పటి అలవాటు.

మద్రాసుకు చేరిన డిజైన్

ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదటి మోటారుసైకిల్ 1901లో తయారైంది. బుల్లెట్ అనే పేరు 1930ల మొదట్లో వచ్చింది. వెనక చక్రానికి స్ప్రింగుల సస్పెన్షన్ ఉన్న ఆధునిక బుల్లెట్ 1940ల చివర తయారైంది. 70 మిల్లీమీటర్ల బోర్, 90 మిల్లీమీటర్ల స్ట్రోక్, 346 సీసీల ఒంటి సిలిండర్. స్ట్రోక్ పొడవు, ఫ్లైవీల్ బరువు, కంప్రెషన్ తక్కువ. తక్కువ ఆక్టేన్ పెట్రోలును సైతం సహించి, నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగడం ఈ ఇంజన్ గుణం.

సరిహద్దుల్లో గస్తీకి ఈ బండ్లు అనువుగా ఉంటాయని 1950ల తొలి భాగంలో భారత సైన్యం ఎంచుకుంది. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. మొదట ఇంగ్లండ్ నుంచి విడిభాగాలు తెచ్చి బిగించారు. తరువాత తయారీ సామగ్రే ఇక్కడికి వచ్చి, 1960ల మొదటికల్లా బండి మొత్తం ఇక్కడే తయారవసాగింది. ఇంగ్లండ్‌లో కంపెనీ 1970లో మూతపడింది. మాతృదేశంలో ఆగిపోయిన డిజైన్ మద్రాసులో కొనసాగి, 1977లో ఇంగ్లండ్‌కే ఎగుమతి అయింది.

ట్యూనింగ్ చరిత్రకు ఈ కొనసాగింపే మూలం. ఇతర దేశాల్లో కొత్త మోడళ్లు పాతవాటిని తోసేస్తుంటే, లైసెన్సుల కాలపు భారతదేశంలో బండి కొనడమే కష్టం, కొన్నాక పారేయడం ఊహకందని మాట. ఒక బుల్లెట్ ఇరవై, ముప్పై ఏళ్లు తిరిగేది. దాంతోపాటు కార్బురేటర్ అరిగేది, దాన్ని మళ్లీ మళ్లీ సరిచేసేవారు. ఫ్యాక్టరీ మాన్యువల్‌లోని కొలతలు కొత్త బండికి రాసినవి. అరిగిన బండికి కొలతలు షెడ్డులోనే తేలాలి.

కిక్కు కొట్టే క్రమం

బుల్లెట్‌కు బలం కంటే క్రమం ముఖ్యం. స్పార్క్ సమయాన్ని నిర్ణయించే కాంటాక్ట్ పాయింట్లున్న పాత మోడల్‌లో ఆ క్రమం ఇలా ఉండేది. పెట్రోలు ట్యాప్ తెరవాలి. ఇంజన్ చల్లగా ఉంటే టిక్లర్ నొక్కాలి లేదా చోక్ వేయాలి. ఇగ్నిషన్ ఆన్ చేయాలి. హ్యాండిల్ ఎడమవైపు చిన్న లివరైన డీకంప్రెసర్‌ను పట్టుకుని, సిలిండర్‌లో ఒత్తిడి వదిలేస్తూ కిక్‌ను నెమ్మదిగా కిందికి తొక్కాలి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ఆంపియర్ మీటర్ ముల్లు ఒకవైపు వాలి ఉంటుంది. పాయింట్లు తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. పిస్టన్ పైకొన దగ్గరకు వచ్చిందనడానికి అది గుర్తు. అక్కడి నుంచి కొంచెం దాటించి, డీకంప్రెసర్ వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా ఒకే తొక్కు తొక్కాలి.

ఈ క్రమం తప్పితే రెండు రకాల ప్రమాదం. పిస్టన్ పైకొన చేరకముందే తొక్కితే ఇంజన్ ఎదురుతిరిగి కిక్ రివర్స్ కొడుతుంది. ఆ దెబ్బకు చీలమండలు విరిగిన సందర్భాలున్నాయి. స్టార్ట్ కాలేదని పదేపదే టిక్లర్ నొక్కి, యాక్సిలరేటర్ తిప్పి, మళ్లీ మళ్లీ తొక్కితే పెట్రోలు ఎక్కువై ప్లగ్ తడిసిపోతుంది. అలా మునిగిన ఇంజన్‌కు చికిత్స వేరు. పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, డీకంప్రెసర్ పట్టుకుని కొన్ని తొక్కులు తొక్కితే లోపలి పెట్రోలు బయటకు పోతుంది. ప్లగ్ విప్పి ఆరబెట్టి బిగించాక మొదటి క్రమం మళ్లీ మొదలవుతుంది.

షెడ్లలో పెరిగిన పని

1960లలో బుల్లెట్‌కు తోడుగా వేరే బండ్లూ వచ్చాయి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చెకోస్లొవాకియా డిజైన్ జావాను తయారు చేసింది. 1970లలో అదే యెజ్డి అయింది. ఎస్కార్ట్స్ కంపెనీ పోలండ్ డిజైన్ ఆధారంగా రాజ్‌దూత్‌ను తెచ్చింది. ఇవి టూ-స్ట్రోక్ బండ్లు, పెట్రోలులో ఇంజన్ ఆయిల్ కలిపి పోయాలి. జావాకు జికోవ్ కార్బురేటర్. ఇలాంటి బండి కొన్ని వారాలు కదలకుండా ఉంటే పెట్రోలు ఆవిరైపోయి ఆయిల్ జిగురు జెట్లలో పేరుకునేది. అందువల్ల టూ-స్ట్రోక్ బండ్ల స్టార్టింగ్ ట్రబుల్‌లో మొదటి అనుమానం పైలట్ జెట్ మీదే ఉండేది.

వీటన్నిటికీ మరమ్మతు చేసినవారిలో ఎక్కువమంది పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్లు కారు. 1950లో మొదలైన కేంద్ర ప్రభుత్వ శిక్షణ పథకం కింద ఏర్పడిన ఐటీఐలలో మోటారు మెకానిక్ కోర్సు ఉన్నా, మోటారుసైకిల్ పని ప్రధానంగా గురుశిష్య పద్ధతిలోనే వ్యాపించింది. హైదరాబాదులో ఉస్తాద్ దగ్గరా, కోస్తా పట్టణాల్లో షాపు యజమాని దగ్గరా చేరిన కుర్రవాడు ముందు స్పానర్లు అందించి, తరువాత ప్లగ్‌లు తుడిచి, ఆ తరువాతే కార్బురేటర్ విప్పేవాడు. 1960లలో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లేతు పనివాళ్లు, విడిభాగాల వ్యాపారులు ఒకేచోట చేరడం వల్ల, మార్కెట్లో దొరకని ముక్కను చేయించుకునే వీలు కలిగింది.

ఈ పనిలో కొలిచే పరికరాల స్థానాన్ని ఇంద్రియాలు తీసుకున్నాయి. ఐడ్లింగ్ ధ్వనిలో ఒక దెబ్బ తప్పితే చెవి పట్టుకునేది. సైలెన్సర్ పొగ రంగు కంటికి తెలిసేది. విప్పిన ప్లగ్ కొన మట్టి గోధుమ రంగులో ఉంటే పాళ్లు సరిపోయాయని లెక్క. మసి నల్లగా ఉంటే మిశ్రమం చిక్కన, తెల్లగా కాలినట్టుంటే పలచన. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు రావడంతో ప్లగ్ మీద రంగు పూర్వమంత స్పష్టంగా తేలడం లేదు. పాత మెకానిక్‌ల ఈ కొలమానం కొంత బలహీనపడింది.

పనిలో పొరపాటు అలవాట్లూ స్థిరపడ్డాయి. మూసుకుపోయిన జెట్‌ను క్లచ్ కేబుల్ ఉక్కు పోగుతో పొడవడం వాటిలో ఒకటి. జెట్ మెత్తని ఇత్తడితో చేసింది. ఉక్కు పోగు రాపిడికి రంధ్రం పెద్దదై, జెట్ మీది అంకె మారకుండానే పెట్రోలు పెరిగిపోతుంది. గాలి ఊదడం, పెట్రోలులో నానబెట్టడం, తప్పనిసరైతే సన్నని రాగి పోగు వాడడం సురక్షితమైన పద్ధతి.

మిక్‌కార్బ్ రాక

1985లో జపాన్ కంపెనీ మికుని భాగస్వామ్యంతో మద్రాసులో యూకాల్ ఫ్యూయల్ సిస్టమ్స్ ఏర్పడింది. అదే ఏడాది యమహా ఆర్‌ఎక్స్100, హీరో హోండా సీడీ100 మార్కెట్లోకి వచ్చాయి. ఒకే కిక్‌కు స్టార్టయ్యే తేలికపాటి జపాన్ బండ్లు జనం అంచనాలను మార్చేశాయి. తరువాత బుల్లెట్‌కూ యూకాల్ తయారుచేసిన మిక్‌కార్బ్ వచ్చింది. 350 బండికి 24 మిల్లీమీటర్లది, 500 బండికి 28 మిల్లీమీటర్లది.

స్టార్టింగ్‌లో ఇది తెచ్చిన మార్పు పెద్దది. టిక్లర్ పోయింది. దాని బదులు చోక్ లివర్ వచ్చింది, కానీ అది గాలిదారిని అడ్డగించే చోక్ కాదు. చల్లటి ఇంజన్‌కు అదనపు పెట్రోలును, గాలిని వేరే దారిగుండా అందించే విడి ఏర్పాటు. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు ఇంజన్ లాగే శూన్యపీడనంతోనే ఆ దారి పనిచేస్తుంది. కాబట్టి పాత అలవాటు ప్రకారం కిక్ కొడుతూ యాక్సిలరేటర్ తిప్పితే చోక్ ప్రభావమే పోతుంది. బండి మారినా చేతి అలవాటు మారకపోవడం వల్ల చాలా బుల్లెట్లు అకారణంగా మొండివని పేరు తెచ్చుకున్నాయి.

పాత బండి ఎందుకు మొరాయిస్తుంది

అనుభవం ఉన్న షెడ్లలో స్టార్ట్ కాని బండి కార్బురేటర్ మీద మొదటే చెయ్యి వేయరు. కార్బురేటర్ తప్పుగా కనిపించే లోపాలలో చాలా భాగం ఇతర చోట్ల పుట్టినవే. కాంటాక్ట్ పాయింట్ల సందు సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పాయింట్ల ముఖం కాలి గుంటలు పడితే స్పార్క్ బలహీనమవుతుంది. కండెన్సర్ పోతే ఇంజన్ వేడెక్కాక ఆగి మళ్లీ స్టార్ట్ కాదు. బ్యాటరీ నీరసించినా అంతే. ఆ తరువాత వాల్వులు. వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్ ఉండదు, కంప్రెషన్ లేనిదే కార్బురేటర్ జెట్‌లోంచి పెట్రోలును లాగే బలం సిలిండర్‌కు రాదు. ఇవి సరిగా ఉన్నాయని తేలాకే కార్బురేటర్ వంతు.

కార్బురేటర్‌లో మొదట చూడవలసింది గాలి లీకు. సిలిండర్‌కు బిగించే అంచు దగ్గర బోల్టులను ఏళ్ల తరబడి అతిగా బిగిస్తే, జింకు మిశ్రమంతో పోసిన ఆ అంచు విల్లులా వంగుతుంది. సన్నని సందులోంచి దొంగగాలి చేరి మిశ్రమం పలచబడుతుంది. ఐడ్లింగ్ ఒకచోట నిలవదు, వేడి బండి స్టార్ట్ కాదు. అంచును చదునైన అద్దం మీద పరిచిన గరుకు కాగితంతో రుద్ది సమం చేసి, ఓ-రింగ్ మార్చడం దీనికి మందు. స్లైడ్, దాని గొట్టం అరిగి వదులైనా దొంగగాలి అలాగే చేరుతుంది. ఆ స్థితిలో ఏ స్క్రూ తిప్పినా ట్యూనింగ్ నిలబడదు.

రెండోది పెట్రోలు మట్టం. ఫ్లోట్ సూది కొన అరిగితే పెట్రోలు ఆగకుండా వచ్చి ఓవర్‌ఫ్లో అవుతుంది. ఇత్తడి ఫ్లోట్‌కు చిల్లు పడితే అందులోకి పెట్రోలు చేరి బరువెక్కి మునుగుతుంది. చెవి దగ్గర ఊపితే లోపల గలగల వినిపిస్తుంది. మంటకు దూరంగా వేడినీళ్లలో ముంచితే చిల్లు దగ్గర బుడగలు లేస్తాయి.

మూడోది పైలట్ జెట్, దానికి చేరే సన్నని దారులు. స్టార్టింగ్ ట్రబుల్‌కు కార్బురేటర్‌లో దొరికే కారణాలలో ఇది అతి సాధారణమైనది. జెట్ ఒక్కటే శుభ్రం చేస్తే చాలదు, శరీరంలో తొలిచిన దారుల్లోంచి కూడా గాలి ధారాళంగా పోవాలి.

ఇవన్నీ అయ్యాక ట్యూనింగ్. ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి. అమాల్‌లోనూ మిక్‌కార్బ్‌లోనూ పక్కనుండే ఎయిర్ స్క్రూను లోపలికి మెల్లగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పడం ఆరంభస్థానం. ఐడ్లింగ్ స్క్రూతో వేగం కొంచెం పెంచి, ఎయిర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ అన్నిటికంటే చురుగ్గా, సమంగా తిరిగే చోటు పట్టుకోవాలి. అప్పుడు ఐడ్లింగ్ వేగం తగ్గించి, మళ్లీ అదే పని చేయాలి. ఆ మంచి చోటు స్క్రూ దాదాపు పూర్తిగా లోపలికి పోయాక దొరికితే పైలట్ జెట్ చిన్నదని, మూడు చుట్లు బయటకు వచ్చాక దొరికితే పెద్దదని అర్థం. చివర యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పి చూస్తారు. ఇంజన్ తడబడకుండా అందుకుంటే పని ముగిసినట్టు.

బుల్లెట్ అభిమానులు కోరుకునే అతి నెమ్మది ఐడ్లింగ్‌ను జాగ్రత్తగల మెకానిక్‌లు ఒప్పుకోరు. ఇంజన్ వేగం తగ్గితే ఆయిల్ పంపు వేగమూ తగ్గి, బేరింగులకు చేరే ఆయిల్ తగ్గుతుంది.

ఎండ, ఎత్తు, ఇథనాల్

ఒకచోట కుదిరిన ట్యూనింగ్ మరోచోట కుదరదు. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తునున్న లేహ్‌లో గాలి పీడనం మైదానంలో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. మైదానంలో సరిచేసిన బండి అక్కడ చిక్కటి మిశ్రమంతో ఉక్కిరిబిక్కిరవుతుంది. లద్దాఖ్ దారుల్లో బుల్లెట్ నడిపేవాళ్లు చిన్న మెయిన్ జెట్ వెంట తీసుకుపోవడం, సూదిని ఒక గాటు దించడం ఇందుకే. లంబసింగి లాంటి చలి ప్రాంతంలో తెల్లవారుజామున పెట్రోలు ఆవిరవడం మందగించి చోక్ అవసరం పెరుగుతుంది. రామగుండం ఎండలో ఇంజన్ వేడికి ఫ్లోట్ బుడ్డిలో పెట్రోలు ఉడికి, ఆగిన బండి కాసేపు మొరాయిస్తుంది. కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య వేడిని ఆపే దిమ్మె పెట్టేది ఈ ఇబ్బంది తగ్గించడానికే.

పెట్రోలు గుణం మారినప్పుడల్లా ట్యూనింగ్ మారవలసి వచ్చింది. కిరోసిన్ కల్తీ విస్తారంగా ఉన్న రోజుల్లో ఉదయం బండి స్టార్ట్ కాకపోవడానికి అదొక పెద్ద కారణం, ఎందుకంటే కిరోసిన్ చల్లటి ఇంజన్‌లో తేలికగా ఆవిరి కాదు. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. 2022కల్లా దేశ సగటు 10 శాతానికి చేరింది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు బంకులకు రాసాగింది. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు. అందువల్ల 20 శాతం మిశ్రమానికి సరైన పాలు 14.7 నుంచి సుమారు 13.6కు దిగుతుంది. పాత పెట్రోలుకు సరిచేసిన కార్బురేటర్ కొత్త పెట్రోలుతో ఆ మేరకు పలచగా నడుస్తుంది. దానికితోడు ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు భాగాలను ఉబ్బిస్తుంది. నెలల తరబడి నిలబెట్టే పాత బండికి ఫ్లోట్ బుడ్డి ఖాళీ చేసి ఉంచడం ఇప్పుడు తప్పనిసరి జాగ్రత్త అయింది.

చట్టం చేతిలోకి పాళ్లు

గాలి, పెట్రోలు పాళ్లు 1990ల దాకా యజమాని ఇష్టానికి సంబంధించినవి. పికప్ కావాలంటే చిక్కగా, మైలేజ్ కావాలంటే పలచగా పెట్టించుకునేవారు. పొగ పరీక్షలు వచ్చాక ఆ స్వేచ్ఛకు హద్దు పడింది. 2000 మార్చి 31 లోపు తయారైన రెండు చక్రాల బండ్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, ఆ తరువాతి వాటికి 3.5 శాతం మించకూడదని మోటారు వాహనాల నిబంధనలు చెప్పాయి. ఎయిర్ స్క్రూ ఎక్కడుండాలో చెవితో పాటు పొగ కొలిచే యంత్రం కూడా చెప్పసాగింది.

ఇదే కాలంలో బుల్లెట్ కుటుంబం లోపల మారింది. ఆస్ట్రియా కంపెనీ ఏవీఎల్ సహకారంతో తక్కువ పెట్రోలుతో నడిచే ఇంజన్ వచ్చింది. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. 2000ల చివర గేర్‌బాక్స్, ఇంజన్ ఒకే పెట్టెలో కలిసిన కొత్త ఇంజన్ వచ్చి పాత ఇనుప సిలిండర్ ఇంజన్ తయారీ ఆగింది. కొత్త 350 బండ్లకు శూన్యపీడనంతో స్లైడ్ దానంతట అదే లేచే సీవీ కార్బురేటర్ అమర్చారు. యాక్సిలరేటర్ ఎంత గట్టిగా తిప్పినా ఇంజన్‌కు అవసరమైనంత మేరకే స్లైడ్ లేస్తుంది. ఇందులోని స్క్రూ సాధారణంగా ఇంజన్ వైపు ఉండి పెట్రోలు మిశ్రమాన్ని అదుపు చేస్తుంది. దాన్ని బయటకు తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. అమాల్, పాత మిక్‌కార్బ్‌లలో అదే తిప్పుడు పలచన చేస్తుంది. ఈ తేడా పట్టించుకోక పాత లెక్కతో కొత్త బండ్లను చెడగొట్టిన సందర్భాలు షెడ్లలో తక్కువేమీ కావు.

2009లో వచ్చిన క్లాసిక్ 500తో ఫ్యూయల్ ఇంజెక్షన్ ప్రవేశించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో 350 బండ్లకూ కార్బురేటర్ పోయింది. ఇంజన్ వేడి, గాలి పీడనం, సైలెన్సర్‌లోని ఆక్సిజన్‌ను సెన్సార్లు కొలిచి, ఎప్పటికప్పుడు పెట్రోలు పాలు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. హ్యాండిల్ మీది మూడు లివర్లతో మొదలైన నిర్ణయాలు సుమారు నూరేళ్లలో పూర్తిగా యంత్రం లోపలికి చేరాయి.

నేటి స్థితి

కొత్త బండ్లలో కార్బురేటర్ లేకపోయినా, తిరుగుతున్న పాత బండ్లలో ఈ పని ఆగలేదు. ఇంగ్లండ్‌లో అమాల్ పేరును 2003లో బర్లెన్ కంపెనీ తీసుకుని మోనోబ్లాక్‌తో సహా పాత కార్బురేటర్లను, విడిభాగాలను మళ్లీ తయారు చేస్తోంది. భారతదేశంలో మిక్‌కార్బ్ విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, కానీ వాటిలో నకిలీలు ఎక్కువ. జెట్ మీది అంకెకూ రంధ్రం అసలు కొలతకూ పొంతన లేకపోతే ఎంత నేర్పరి చెయ్యి అయినా తికమకపడుతుంది. అందువల్ల నమ్మకమైన విడిభాగం సంపాదించడం, పాత అసలు జెట్లను భద్రంగా దాచడం ట్యూనింగ్‌లో భాగమయ్యాయి.

మనుషుల విషయంలో కొరత ఇంకా తీవ్రంగా ఉంది. ఇంజెక్షన్ బండ్ల మీద పని నేర్చుకున్న తరానికి లోపం పేరు తెర మీద కనిపిస్తుంది. పాత బండి లోపాన్ని లక్షణాలనుంచి ఊహించాలి. స్పార్క్, కంప్రెషన్, గాలి లీకు, మట్టం, పైలట్ జెట్ అనే వరుసలో ఒక్కొక్కటీ తోసిపుచ్చుతూ పోవాలి. ఈ వరుసను ఫ్యాక్టరీ ఒక్కటే ఇవ్వలేదు. అరిగిన బండ్లను దశాబ్దాల పాటు విప్పి బిగించిన షెడ్ల అనుభవం దాన్ని స్థిరపరచింది. అది ఎక్కువగా నోటిమాటగానే మిగిలింది కాబట్టి, పాత మెకానిక్‌లు పనిలో ఉండగానే రాసిపెట్టి, పాత బండి మీద చేయించి నేర్పితేనే తరువాతి చేతికి అందుతుంది.